భుజానికి గుణకం లేదు

దృశ్య ప్రచార శాఖ జిల్లా కార్యాలయంలో ఫొటోగ్రాఫరు పేరు గుత్తుల భీమేశ్వర్రావు. పేరు విని మనిషిని చూసినవాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత ఆ నవ్వు దాచుకోవడానికి దగ్గుతారు. ఐదడుగులకు రెండంగుళాలు తక్కువ. అతని భుజాన ఇరవై రెండేళ్ళుగా వేలాడుతున్న సర్కారు కెమెరాకి మాత్రం ఆ పేరు పెట్టి ఉంటే అతికినట్టు సరిపోయేది. దాని ముందు బిగించే లెన్సు ఇత్తడి చెంబంత ఉంటుంది. కెమెరా, లెన్సు కలిపి తూస్తే రెండున్నర కిలోలు. మంత్రిగారు రిబ్బను కత్తిరించినా, కలెక్టరుగారు మొక్క నాటినా, ఆ రెండున్నర కిలోలూ భీమేశ్వర్రావు కుడిభుజం మీదే వెళ్ళాలి.

అంత బరువు అన్నాళ్ళు మోస్తే ఏ భుజమైనా ఏమంటుంది? "ఇక నావల్ల కాదు బాబూ" అంది. ఎముకల డాక్టరు చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, భీమేశ్వర్రావు చేత కెవ్వుమనిపించి, చీటీ రాసిచ్చాడు. ఇకమీదట ఒంటిమీద అరకిలోకి మించి బరువు వేలాడకూడదు. వేలాడితే ఆ చెయ్యి పైకి లేవడం మానేస్తుంది.

ఆ చీటీ ఆఫీసులో ఇస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. పని చెయ్యలేని వాళ్ళందరికీ శాఖలో ఒకటే మందు, డిస్పాచి సెక్షన్. అక్కడ కవర్ల మీద అడ్రసులు రాయాలి, జిగురు పూయాలి, ముద్ర కొట్టాలి. తప్పు పని అని కాదు. కానీ భీమేశ్వర్రావు ఎవరనుకున్నారు? పుట్టి బుద్ధెరిగి నవ్వని మంత్రిని నవ్వించి ఫొటో తీసినవాడు! కలెక్టరమ్మ ఎత్తుకోగానే గుక్కపట్టిన పసిబిడ్డ, ఏడుపు ఆపిన అర సెకనులో బటన్ నొక్కినవాడు! కెమెరా చేతిలో లేకపోతే అతనికి ఆఫీసులోనే కాదు, పెళ్ళిళ్ళలో కూడా ఎక్కడ నిలబడాలో తెలియదు. జిగురు సీసా ముందు కూర్చోవడం తలచుకుంటేనే కళ్ళనీళ్ళు తిరిగేవి.

అలాంటి సమయంలో బావమరిది కొనుక్కుని బీరువాలో దాచుకున్న చిన్న కెమెరా అతని కంటబడింది. అరచేతిలో ఇమిడిపోతుంది. దాని లెన్సు కాఫీ గ్లాసులో సగం. రెండూ కలిపి నాలుగు వందల ముప్ఫై గ్రాములు. అడిగి తెచ్చుకుని, చడీచప్పుడూ లేకుండా కొబ్బరి రైతుల సదస్సుకు దాన్నే పట్టుకెళ్ళాడు. మర్నాడు పత్రికలో ఆ ఫొటోలు చూసి, శాఖ ఉప సంచాలకులు కైవల్యమూర్తిగారు "దివ్యంగా వచ్చాయి" అని కూడా అన్నారు. ఇంకేం కావాలి? ఆ సంబరంలో భీమేశ్వర్రావు దరఖాస్తు రాశాడు. భుజం సంగతి, డాక్టరు చీటీ సంగతి రాసి, చిన్న కెమెరా ఇప్పించమని వేడుకున్నాడు. రాసి ఊరుకుంటే బాగుండేది. చివర్లో ఒక వాక్యం తగిలించాడు: "ఈ చిన్న కెమెరాకి ఇరవై ఐదు ఎంఎం లెన్సు పెడితే మన పెద్ద కెమెరాకి యాభై ఎంఎం లెన్సు పెట్టినదానితో సమానము."

కొంపలు ముంచింది ఆ వాక్యమే.

దరఖాస్తు ముందుగా సూపరింటెండెంటు పేరిందేవిగారి బల్ల మీదకు వెళ్ళింది. పేరిందేవిగారు ముప్ఫై ఏళ్ళ సర్వీసులో రూలు తప్పి ఒక్క గుండుసూది కూడా ఎవరికీ ఇవ్వని మనిషి. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివి, భీమేశ్వర్రావుని పిలిపించారు.

"ఇదేవిటండీ భీమేశ్వర్రావుగారూ, ఇరవై ఐదు యాభైకి సమానమేవిటి? మా నాన్నగారు లెక్కల మేష్టారు. ఆయనే బతికుంటే బెత్తం తీసేవారు."

"అది అంకెల లెక్క కాదండి మేడమ్‌గారూ. కెమెరా లోపల బొమ్మ పడే పలక ఒకటుంటదండి, సెన్సారంటారు. మన పెద్ద కెమెరాలో ఉన్నదాన్ని ఫుల్‌ఫ్రేమ్ అంటారు. చిన్నదాంట్లో ఆ పలక పొడుగూ వెడల్పూ సగమేనండి. చిన్న కిటికీలోంచి చూస్తే బయట తక్కువ మేర కనపడద్ది కదండీ? అలాగన్నమాట. అంచేత చిన్న లెన్సు పెట్టినా, పెద్దదాని మీద పెద్ద లెన్సు పెట్టినట్టే దగ్గరగా కనపడద్ది. దేనికేది సరో తెలియాలంటే రెండుతో గుణించుకోవాలండి. అంతే."

సర్కారు ఆఫీసులో "అంతే" అని ఎప్పుడూ అనకూడదు. అక్కడే అసలు కథ మొదలవుతుంది.

పేరిందేవిగారు నోట్ ఫైలు తెరిచి, చక్కటి చేతిరాతతో ఇలా రాశారు: "దరఖాస్తుదారు సగము వస్తువు పూర్తి వస్తువుతో సమానమని ప్రతిపాదించుచున్నారు. ఇది విధానపరమైన అంశము. భౌతిక పరిశీలన లేనిదే నిర్ణయించుట భావ్యము కాదు." దాంతో తులనాత్మక కెమెరా కటక పరిమాణ నిర్ధారణ సంఘం పుట్టింది. అధ్యక్షులు ఉప సంచాలకులు, అంటే అందరూ డీడీగారు అని పిలిచే కైవల్యమూర్తిగారు. కార్యదర్శి పేరిందేవిగారు. సంఘమన్నాక ముగ్గురుండాలని రూలు. మిగతా సిబ్బంది అంతా ఎన్నికల డ్యూటీలో ఉన్నారు. కొలతల టేపు రెండో కొస పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి గనుక, వచ్చే ఏడు రిటైరయ్యే అటెండరు ఏసుపాదాన్ని సాంకేతిక సభ్యుడిగా వేశారు.

"ఆయ్, నాకేం తెలుసండి కెమెరాల గురించి?" అన్నాడు ఏసుపాదం.

"నీకు తెలియవలసిన పని లేదు. నువ్వు సాంకేతిక సభ్యుడివి," అన్నారు డీడీగారు.

కొలతలు సోమవారం పదకొండింటికి మొదలయ్యాయి. రెండు కెమెరాలనూ డీడీగారి బల్ల మీద పెట్టారు. టేపు శాఖ నాటక దళం దర్జీ దగ్గర్నుంచి వచ్చింది.

"మూత పెట్టి కొలవమంటారా, మూత తీసాండి?" అన్నాడు ఏసుపాదం.

సంఘం అరగంట ఆలోచించింది. మూత శాఖ ఆస్తి గనుక పెట్టి కొలవాలని తేలింది.

"మరి ఈ మెళ్ళో వేసుకునే పట్టాతో కలిపాండి, లేకుండానాండి?"

"సమగ్రంగా కొలువు. కొలత అన్నది సమగ్రంగా ఉండాలి. అసమగ్రమైన కొలత కొలతే కాదు," అన్నారు డీడీగారు. మాటను అటు తిప్పీ ఇటు తిప్పీ చెప్పడం ఆయనకి అలవాటు. అలా చెబితే లోతుగా ఉంటుందని ఎవరో చిన్నప్పుడే ఆయనకి చెప్పి ఉంటారు.

పట్టాతో కలిపి సాగదీసి కొలిస్తే పెద్ద కెమెరా నాలుగడుగులొచ్చింది. చిన్న కెమెరా పట్టా కొత్తది, కాస్త పొడుగు. అది నాలుగడుగుల నాలుగంగుళాలు. చిన్న కెమెరా పెద్ద కెమెరా కన్నా నాలుగంగుళాలు పెద్దదని నివేదికలో ఎక్కింది.

భీమేశ్వర్రావు నోరు తెరిచాడు గానీ ఏసుపాదం వద్దన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. అనుభవం ఉన్నవాడు.

తర్వాత పోలిక తెలిసేలా రెండు కెమెరాలనూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి నివేదికకు జతచేయాలన్నారు. ఆ ఫొటో తీసేదెలా? శాఖ కెమెరా బల్ల మీదుంది. బావమరిది కెమెరా కూడా బల్ల మీదే ఉంది. ఏది చేతిలోకి తీసుకున్నా రెండోదే మిగులుతుంది. బజారు నుంచి మూడోదాన్ని తెస్తే, పోలికలో లేని కెమెరాతో పోలికను తీయడం చెల్లదని పేరిందేవిగారు అభ్యంతరం చెప్పారు. మధ్యాహ్నం భోజనాల వేళ దాకా చర్చించి, చివరికి కెమెరాలను కాగితం మీద బోర్లించి చుట్టూ పెన్సిలుతో గీశారు. చూస్తే రెండూ ముద్దపప్పులో పడ్డ వడియాల్లా ఉన్నాయి.

ఆ పైన భీమేశ్వర్రావు తీసిన ఫొటోలు పరిశీలించారు. అక్కడ డీడీగారి కనుబొమలు ముడిపడ్డాయి.

"భీమేశ్వర్రావూ, పెద్ద కెమెరాలో మంత్రిగారొక్కరే స్పష్టంగా ఉంటారు. వెనకవాళ్ళు మసకమసకగా ఉంటారు. ఈ చిన్నదాంట్లో వెనకాల నిలబడ్డవాళ్ళంతా మంత్రిగారంత స్పష్టంగా ఉన్నారేమిటి?"

"పలక చిన్నదైతే వెనకాల మసక తగ్గుద్దండి. దూరంలో ఉన్నదీ తేటగానే పడద్ది."

"వెనక నిలబడ్డవారు తేటపడటం ప్రోటోకాల్‌కి విరుద్ధం! రేపు జడ్పీ మెంబరు తన మొహం తాను గుర్తుపట్టుకుంటే ఏమవుతుందో ఆలోచించావా?"

ఇంత చేసి ఈ మసక దగ్గర మునిగిపోతానేమో అనుకున్నాడు భీమేశ్వర్రావు. కానీ డీడీగారి చూపు నోట్ ఫైల్లోని మొదటి వాక్యం మీద పడి అక్కడే అతుక్కుపోయింది. "సగము వస్తువు పూర్తి వస్తువుతో సమానము." ఆయన దాన్ని పైకి చదివారు. మళ్ళీ చదివారు. మొహం వెలిగిపోయింది.

"అంటే, చిన్నది చిన్నదైనంత మాత్రాన చిన్నది కాదన్నమాట."

"కెమెరాల సంగతిలో అండి," అన్నాడు భీమేశ్వర్రావు భయంగా.

"సూత్రం సూత్రమే. సూత్రానికి కెమెరా అని, కాకరకాయ అని తేడా ఉండదు."

మర్నాడే సర్క్యులరు వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకపై శాఖకు సంబంధించిన సమస్త పరిమాణములు ఫుల్‌ఫ్రేమ్ సమాన విలువలోనే నమోదు కావలెను. స్వల్ప పరిమాణములను తగు గుణకముతో గుణించి చూపవలెను. యథార్థ సంఖ్యలను చూపుట క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును."

మొదటి ఫలితం శనివారమే కనబడింది. అక్షరాస్యత సభకు నూట ఇరవైమంది వచ్చారు. హాలు చిన్నది. టౌన్‌హాలును ఫుల్‌ఫ్రేమ్‌గా లెక్కిస్తే ఆ హాలు అందులో నాలుగో వంతు. నూట ఇరవైని నాలుగుతో గుణించి, నాలుగు వందల ఎనభైమంది హాజరయ్యారని నివేదిక పంపారు. పైనుంచి మెచ్చుకోలు వచ్చింది. ఔరా అనుకుని పక్కనున్న రోడ్ల ఆఫీసువాళ్ళు సర్క్యులరు నకలు పట్టుకెళ్ళారు. వాళ్ళు వంతెన సగం కట్టి రెండేళ్ళయింది. ఆ సాయంత్రమే వంతెన పూర్తయింది. కట్టిన సగాన్ని రెండుతో గుణించారు. గ్రంథాలయం వాళ్ళు పిల్లల పుస్తకాలు పొట్టివి గనుక ఒక్కోదాన్ని మూడుగా లెక్కేసి, బీరువాలు చాలడంలేదని రాశారు. మొక్కల ఆఫీసువాళ్ళకైతే పండగే. మొక్క ఎంత చిన్నదైతే గుణకం అంత పెద్దది మరి. నారుమడి దగ్గర నిలబడి అడవి నాటేశామన్నారు.

క్యాంటీను నడిపే పోలిశెట్టి కూడా సర్క్యులరు చదివాడు. ఆ రోజు నుంచి టీ సగం గ్లాసే వచ్చింది.

"సగమేవిటయ్యా పోలిశెట్టీ?" అని కసిరారు పేరిందేవిగారు.

"గ్లాసు చిన్నదండి అమ్మగారూ. రెండుతో గుణించుకుని తాగండి."

ఆమెకు ఒళ్ళు మండింది గానీ రూలు తన చేతిరాతలోనే ఉంది. గుణించుకునే తాగారు పాపం. గుమాస్తాలు మాత్రం తెలివైనవాళ్ళు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకే సంచులు సర్దుకుని, మిగతా పొద్దును గుణకంలో పూరించి ఇళ్ళకు వెళ్ళిపోయారు.

ఊరందరికీ గుణకం కలిసొచ్చింది. దాన్ని పుట్టించిన మహానుభావుడికి మాత్రం కలిసి రాలేదు. మూడో వారంలో భీమేశ్వర్రావు దరఖాస్తు మీద ఉత్తర్వు వచ్చింది. గబగబా విప్పాడు. "దరఖాస్తుదారు కోరిన కెమెరా, కటకముల యథార్థ బరువు నాలుగు వందల ముప్ఫై గ్రాములు. గుణకము రెండు. ఫుల్‌ఫ్రేమ్ సమాన బరువు ఎనిమిది వందల అరవై గ్రాములు. వైద్యుల పరిమితి ఐదు వందల గ్రాములు మాత్రమే. పరిమితి మించినందున దరఖాస్తు తిరస్కరించడమైనది. ఏ బరువూ మోయజాలని దరఖాస్తుదారు పదిహేను రోజులలో డిస్పాచి సెక్షనులో చేరవలెను."

భీమేశ్వర్రావు పరుగున డీడీగారి గదిలోకి వెళ్ళాడు. ఇరవై రెండేళ్ళలో తలుపు తట్టకుండా వెళ్ళడం అదే మొదటిసారి.

"అయ్యా, బరువుకి గుణకం లేదండి! లెన్సు చూపుకే గుణకం. నాలుగు వందల ముప్ఫై అంటే నాలుగు వందల ముప్ఫైయేనండి. కావాలంటే భుజాన్నడగండి, అదే చెప్తది!"

"భీమేశ్వర్రావూ," అన్నారు డీడీగారు జాలిగా, "నీ భుజం సక్షమ అధికారి కాదు."

ఆ సాయంత్రం ఇంట్లో భార్య వీరవేణి నువ్వులనూనె వెచ్చజేసి భుజానికి పట్టిస్తుంటే, భీమేశ్వర్రావు చిన్నపిల్లాడిలా వెక్కాడు. ఉత్తర్వు ఆమెకు చదివి వినిపించాడు.

"ఏడవకండీ, నూనె కారిపోతుంది," అంది వీరవేణి. ఇంకో చుక్క వేసి, కాసేపు రుద్ది, "అది సరే గానీ, కెమెరాని గుణించారు, టీనీ గుణించారు. మిమ్మల్నెందుకు గుణించలేదు?"

"నన్నా?"

"అరకిలో అని డాక్టరన్నది ఎవరి భుజానికి? మీ భుజానికి. మీరేవన్నా ఆజానుబాహులా? మీకు అరకిలో అయితే నిండైన మనిషికి ఎంతవుద్ది? మీ డీడీగారి లెక్కలో వెయ్యండి మరి. మిమ్మల్ని పొట్టోడని నేనంటే రెండ్రోజులు అన్నం తినరు. ఇప్పుడు మీరే రాసివ్వండి, నేను పొట్టోణ్ణి మొర్రో అని."

భీమేశ్వర్రావు ఏడుపు ఆగిపోయింది. పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో ఆ మాటకు కోపం రాకపోవడం అదే మొదలు. తెల్లారగానే అప్పీలు రాసుకుపోయాడు: దరఖాస్తుదారు ఫుల్‌ఫ్రేమ్ మనిషి కాడు గనుక అతని అరకిలో పరిమితిని కూడా తగు గుణకముతో గుణించవలెనని ప్రార్థన.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. డీడీగారు అప్పీలు చదివారు. సూత్రం తనదే, కాదనలేరు. సంఘం మళ్ళీ కూర్చుంది. ఇంతకీ ఫుల్‌ఫ్రేమ్ మనిషి ఎవరన్నది మొదటి ప్రశ్న.

"ఎత్తునిబట్టి చూస్తే మన డ్రైవరేనండి," అన్నాడు ఏసుపాదం. "ఆరడుగులుంటాడు."

డ్రైవరు ఫుల్‌ఫ్రేమయితే డీడీగారు ముప్పాతికో, అంతకు కాస్త ఎక్కువో అవుతారు. ఆయన మొహం చూసి పేరిందేవిగారు గబగబా సర్దారు. "ఎత్తు ప్రమాణం కాదు సార్. హోదా ప్రమాణం. మన కార్యాలయానికి మీరే ఫుల్‌ఫ్రేమ్."

డీడీగారు తృప్తిగా తలూపారు. "అవును. నేను పూర్ణుణ్ణి. నాకు గుణకం ఒకటి. మిగతావారు హోదాలో చిన్న గనుక వారి గుణకం పెద్దది." అలా పేరిందేవిగారికి ఒకటిన్నర, ఫొటోగ్రాఫరుకి రెండు, అటెండరుకి మూడు అని తేల్చి నమోదు చేశారు. ఆ లెక్కన భీమేశ్వర్రావు అరకిలో కాస్తా కిలో అయింది. కెమెరా ఎనిమిది వందల అరవై. పరిమితిలోపే! భీమేశ్వర్రావుకి ప్రాణం లేచొచ్చింది.

కానీ డీడీగారికి జడ్పీ మెంబరు మొహం గుర్తొచ్చింది. "లెక్క సరిపోయినంత మాత్రాన నిర్ణయం అయిపోదు. నిర్ణయం వేరు, లెక్క వేరు. ఓటింగు పెడుతున్నాను. ఈ కెమెరా ఇవ్వరాదని నా అభిప్రాయం. పేరిందేవిగారూ?"

"మీ అభిప్రాయమే నా అభిప్రాయం సార్."

"ఏసుపాదం?"

ఏసుపాదం తల గోక్కున్నాడు. "ఆయ్, నేను ఇమ్మనే అంటానండి. ఆ పెద్ద సంచీ జీపెక్కించేది నేను, దింపేది నేను. భీమేశ్వర్రావుగారికి కుడిభుజం పోయింది. నాకు నడుం పోయిందండి."

"సరే, రెండుకి ఒకటి. తిరస్కరించడమైనది," అన్నారు డీడీగారు లేవబోతూ.

పేరిందేవిగారు మాత్రం లేవలేదు. కలం పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆమె మొహంలో పెద్ద బాధ. "సార్, మినిట్స్‌లో యథార్థ సంఖ్యలు రాయకూడదండి. మన సర్క్యులరే. క్రమశిక్షణా రాహిత్యం అవుతుంది."

"అయితే గుణించి రాయండి."

ఆమె గుణించి రాశారు. ముప్ఫై ఏళ్ళలో రూలు తప్పని మనిషి, ఇవాళ మాత్రం ఎలా తప్పుతారు? "వ్యతిరేకంగా డీడీగారిది ఒకటి, నాది ఒకటిన్నర, వెరసి రెండున్నర. అనుకూలంగా ఏసుపాదంగారివి మూడు. మూడుకి రెండున్నర. కెమెరా మంజూరైంది సార్."

ఏసుపాదంగారు అని ఆవిడ అన్న సంగతి అందరికన్నా ముందు ఏసుపాదమే గమనించాడు. తన కుర్చీలో ఇంకాస్త వెనక్కి జారి కూర్చున్నాడు.

ఆ వార్త సాయంత్రానికి జిల్లాలోని అటెండర్లందరికీ చేరింది. మర్నాడు డీడీగారు గంట కొట్టి మంచినీళ్ళడిగితే, ఏసుపాదం తలుపు దగ్గరే నిలబడి వినయంగా, "ముగ్గురం ఒకేసారి నీళ్ళకెళ్తే ఇక్కడ తలుపు దగ్గరెవరుంటారండీ?" అన్నాడు. ఉద్యోగ సంఘం ఎన్నికల్లో అటెండర్లు ఒక్కొక్కరు మూడేసి ఓట్లు కావాలన్నారు. కలెక్టరేటు మీటింగులో వరసలో నిలబడ్డ డీడీగారిని ఎవరో గుమాస్తా వెనక్కి జరగమని, "మీరు ఒక్కరే కదండీ" అన్నాడట. అన్నింటికన్నా ఎక్కువగా పెద్ద సంఖ్యలను ప్రేమించిన మనిషి, ఊరంతటికీ తానొక్కడే ఒకటైపోయానని అప్పటికి తెలుసుకున్నారు.

వారం తిరక్కుండానే కొత్త సర్క్యులరు వచ్చింది. "ఫుల్‌ఫ్రేమ్ సమాన విధానము తక్షణమే రద్దు చేయడమైనది. ఇకపై యథార్థ పరిమాణ విధానము అమలులో ఉండును." ఒక్క సంతకంతో వంతెన మళ్ళీ సగమైంది, అడవి నారుమడైంది, టీ గ్లాసు నిండింది. ఏసుపాదం ముగ్గురు కాస్తా ఒక్కడయ్యాడు. "పోన్లెండి, ముగ్గురికీ నడుం నొప్పే," అని మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

భీమేశ్వర్రావు ఆ సర్క్యులరు పట్టుకుని పేరిందేవిగారి బల్ల దగ్గరికి పరిగెత్తాడు. తన మంజూరు కూడా గాలికి పోతుందా? పోలేదు. తీర్మానమయ్యాక వెనక్కి తీసుకోవడానికి రూలు లేదని పేరిందేవిగారు ఖరాఖండిగా చెప్పారు. కానీ యథార్థ విధానంలో ఆ కెమెరా సగమే. ఫొటోగ్రాఫరుకు ఒక పూర్తి కెమెరా ఉండాలని నిబంధన. సగంతో పంపితే శాఖకు తలవంపులు కదా? అందుకని డీడీగారు దీర్ఘంగా ఆలోచించి ఉత్తర్వు సవరించారు. దరఖాస్తుదారుకు చిన్న కెమెరాలు రెండు మంజూరు. రెండు సగములు కలిసి ఒకటి అగును గనుక, విధులకు వెళ్ళునప్పుడల్లా రెండింటినీ చెరొక సంచిలో పెట్టి, కుడిభుజమునకు ఒకటి, ఎడమభుజమునకు ఒకటి తగిలించుకొనవలెను. గేటు వద్ద అటెండరు సంచులు లెక్కించి రిజిస్టరులో నమోదు చేయవలెను. ఒకటి తగ్గినచో డిస్పాచి.

రెండు కెమెరాలు కలిపి తూస్తే ఎంత? ఎనిమిది వందల అరవై గ్రాములు. కాగితం మీద అబద్ధమై పోయిన అంకె, ఇప్పుడు నిజమై వచ్చి కూర్చుంది. డాక్టరు అరకిలో అన్నది ఒంటి మొత్తానికి. భీమేశ్వర్రావు ఉత్తర్వు చేత్తో పట్టుకుని ఇంటికెళ్ళి, వసారాలో చతికిలబడి, ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాడు.

వీరవేణి ఉత్తర్వు తీసుకుని రెండుసార్లు చదివింది.

"ఇందులో లెక్కపెట్టమన్నది సంచుల్నా, కెమెరాల్నా?"

"సంచుల్నే."

"అయితే లేచి మొహం కడుక్కోండి," అని వంటింట్లోకి వెళ్ళింది.

సోమవారం పొద్దున్న పడవల జెట్టీ ప్రారంభోత్సవానికి భీమేశ్వర్రావు రెండు భుజాలకూ రెండు సంచులు తగిలించుకుని బయల్దేరాడు. మేడమీద కిటికీలోంచి డీడీగారు చూశారు. అటొకటి, ఇటొకటి. పూర్ణంగా ఉంది. సంతృప్తిగా తల లోపలికి పెట్టుకున్నారు. భీమేశ్వర్రావు నడకలో మాత్రం ఏదో తేడా ఉంది. ఇరవై రెండేళ్ళ తర్వాత అతని కుడిచెయ్యి దానంతటదే హాయిగా ఊగుతోంది. ఈల వేద్దామనిపించి, డీడీగారి కిటికీ గుర్తొచ్చి మానుకున్నాడు. ఈ చెయ్యి ఇంకా పదేళ్ళు కెమెరా పడుతుందన్న సంతోషంతో అడుగు వేగం పెంచాడు.

గేటు దగ్గర ఏసుపాదం రిజిస్టరు తెరిచి, కుడిసంచీ తడిమాడు. కెమెరా. ఎడమసంచీ ఎత్తి చూశాడు. దూదిలా లేచింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గలగలమంది.

"లోపలేదో కదుల్తుందండి?"

"లెన్సు కాస్త వదులైందిలే," అన్నాడు భీమేశ్వర్రావు నేలచూపులు చూస్తూ.

ఏసుపాదం జిప్పు తీసి, లోపల చెయ్యి పెట్టి, వీరవేణి పోపు వేసి కట్టిచ్చిన మరమరాలు గుప్పెడు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. మేడమీద కిటికీ వైపు ఒకసారి చూసి, నిదానంగా నమిలి మింగాడు.

"ఆయ్, రెండో కెమెరా కూడా బాగానే ఉందండి. ఉప్పే కాస్త తక్కువైంది, చెల్లెమ్మకి చెప్పండి," అని రిజిస్టరులో రెండు అని రాసి గేటు తీశాడు.